340 మంది, 14 వాట్సాప్ గ్రూపులు: కంపెనీ లోపల సొంత సోషల్ నెట్‌వర్క్ పెట్టాలంటే ఏది, ఎలా?

పొద్దుతిరుగుడు

అందరికీ నమస్కారం. లెక్క వేయడం తేలికవుతుందని వివరాలు ముందే ఇస్తున్నాను.

మొత్తం 340 మంది. హైదరాబాద్ ఆఫీసులో 85, పటాన్‌చెరు ప్లాంటులో మూడు షిఫ్టులకూ కలిపి 190, విజయవాడ ఆటోనగర్ డిపోలో 65. కంపెనీ ఈమెయిల్ ఉన్నది 110 మందికే. మిగతావాళ్ల దగ్గర సొంత ఆండ్రాయిడ్ ఫోన్లున్నాయి, కంపెనీ ఇచ్చిన టోకెన్ నంబరు (ఉద్యోగి గుర్తింపు సంఖ్య) ఉంది, అంతే. ఇప్పుడు పనంతా 14 వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తోంది. ఉద్యోగం మానేసినవాళ్లు గ్రూపులో అలాగే ఉండిపోతున్నారు, కొత్తవాళ్లకు పాత సమాచారం కనబడదు, డ్రాయింగుల ఫొటోలు అందరి సొంత ఫోన్లలో పేరుకుపోతున్నాయి.

కావలసినవి: షిఫ్టు ప్రకటనలు, భద్రతా సూచనలు, హెచ్ఆర్‌ను అడిగే ప్రశ్నలు, మూడు చోట్లవాళ్లూ ఒకరికొకరు తెలియడం. తెలుగులో రాయడం, వెతకడం తప్పనిసరి. లైనక్స్ తెలిసిన మనిషి ఒక్కరే. చూస్తున్నవి హమ్‌హబ్, జూలిప్, వివా ఎంగేజ్, జోహో కనెక్ట్. ఏది, ఎలా మొదలుపెట్టాలి?

---

సర్వర్_సావిడి

పేర్లు పోల్చే ముందు ఒకటి తేల్చుకోవాలండి. మీరు రాసిన జాబితాలో రెండు జాతుల సాధనాలు కలిసిపోయాయి.

జూలిప్, స్లాక్, మ్యాటర్‌మోస్ట్ చాట్ జాతి. మాట వస్తుంది, పైకి జరిగిపోతుంది. ఇప్పుడే జవాబు కావాలన్న పనికి బాగుంటాయి. హమ్‌హబ్, వివా ఎంగేజ్, జోహో కనెక్ట్ ఫీడ్ జాతి. పోస్టు ఒకచోట నిలబడుతుంది, దాని కిందే వ్యాఖ్యలు చేరతాయి, మూడు రోజుల తర్వాత షిఫ్టుకు వచ్చిన మనిషికీ దొరుకుతుంది. రాత్రి షిఫ్టువాళ్లూ పగటి షిఫ్టువాళ్లూ ఒకే సమయంలో ఆన్‌లైన్‌లో ఉండరు కాబట్టి ప్లాంటుకు ఫీడే సరిపోతుంది. చాట్ పెడితే పొద్దున 6 గంటలకు వచ్చినవాళ్లు రాత్రంతా నడిచిన 180 సందేశాలు తిప్పుకోవాలి, ఎవరూ తిప్పరు.

జూలిప్ మాత్రం ఈ రెంటికీ నడుమ ఉంటుంది. ఛానెల్‌లో పెట్టే ప్రతి సందేశానికీ ఒక టాపిక్ పేరు ఉంటుంది గనక తర్వాత వచ్చినవాళ్లు టాపిక్ పట్టుకుని చదువుకోవచ్చు. ఇంజనీర్లకు అద్భుతంగా పనిచేస్తుంది. టాపిక్ పేరు సరిగ్గా పెట్టే అలవాటు మాత్రం అందరికీ రావాలి. 190 మంది ప్లాంటు సిబ్బంది దగ్గర ఆ క్రమశిక్షణ మొదటి నెలలోనే ఆశించకూడదు.

మీ అవసరాలను బట్టి నా ఓటు ఫీడ్‌కే.

---

బల్లకట్టు

సావిడి గారి విభజన సరైనదే. నేను ఇంకో వైపు నుంచి చెప్తాను: ఈ రంగంలో సాధనాలు మూతపడటం మామూలు. కొనే ముందే బయటికి వచ్చే దారి చూసుకోవాలి.

యామర్ 2008లో మొదలైంది, 2012లో మైక్రోసాఫ్ట్ 120 కోట్ల డాలర్లకు కొన్నది, 2023లో పేరు వివా ఎంగేజ్ అయింది. అది బతికిన కథ. గూగుల్ 2019లో గూగుల్ ప్లస్‌ను మామూలు జనానికి మూసేసి, కంపెనీల భాగాన్ని కరెంట్స్ పేరుతో నిలబెట్టింది. 2023లో దాన్నీ ఆపి, వాడేవాళ్లను చాట్‌లోని స్పేసెస్‌కు మార్చింది. ఫేస్‌బుక్ వాళ్ల వర్క్‌ప్లేస్ 2016 అక్టోబరులో వచ్చింది, 2024 మేలో మూసేస్తున్నామన్నారు. వాళ్లు ఇచ్చిన గడువు ప్రకారం 2025 ఆగస్టు 31 దాకా మామూలు వాడకం, ఆ తర్వాత 2026 మే 31 దాకా చదువుకోవడం, డేటా దింపుకోవడం మాత్రమే. ఇంత పెద్ద కంపెనీల వెనకదన్ను ఉన్నవే ఇలా అయ్యాయి.

అందుకని ట్రయల్‌లో ఉండగానే ఈ పరీక్ష చేయండి. ఒక గ్రూపు తెరిచి 10 పోస్టులు, ఒక్కోదానికి 3 వ్యాఖ్యలు, 5 ఫొటోలు, 2 పీడీఎఫ్‌లు పెట్టి, ఎక్స్‌పోర్ట్ నొక్కండి. వచ్చిన జిప్‌లో చూడాల్సినవి: ఏ వ్యాఖ్య ఏ పోస్టు కిందదో చెప్పే నంబరు ఉందా; రాసినవాళ్ల పేరు ఉందా, ఉత్త ఐడీయేనా; ఫొటోలు ఫైళ్లుగా వచ్చాయా, లింకులుగానా. లింకులైతే అవి కొన్ని గంటల్లో గడువు తీరిపోయే రకం కావచ్చు. మర్నాడు మళ్లీ నొక్కి చూడండి. ఈ మర్నాటి పరీక్ష ఎవరూ చేయరు, దెబ్బ తినేది అక్కడే.

ఉచిత చాట్ ప్లాన్లతో సరిపెట్టుకుందామని కూడా అనుకోవద్దు. స్లాక్ ఉచిత ప్లాన్‌లో 90 రోజుల కిందటి సందేశాలు కనబడవు, ఏడాది దాటినవి చెరిపేస్తారు.

---

వేపచెట్టు

ఆఫీసువాళ్లకు మైక్రోసాఫ్ట్ 365 ఇప్పటికే ఉంటే వివా ఎంగేజ్ కలిసే వస్తుంది కదా? విడిగా ఎందుకు?

---

షిఫ్టుగంట

ఆ 110 మందికి వస్తుంది. మిగతా 230 మందికి లైసెన్సు కొనాలి. ఎఫ్1, ఎఫ్3 అని కార్మికుల కోసం తక్కువ ధర లైసెన్సులున్నాయి, ఎంగేజ్ రెండింటిలోనూ ఉంటుంది. ఎఫ్3కి 2 జీబీ మెయిల్‌బాక్స్ వస్తుంది, ఎఫ్1కి మెయిల్‌బాక్స్ ఉండదు. ఎఫ్1 తీసుకుంటే మీరు పెట్టే ప్రకటన ఈమెయిల్‌గా వెళ్తుందని లెక్క వేసుకోకూడదు, యాప్ నోటిఫికేషన్ ఒక్కటే దిక్కు. ధర చూసేటప్పుడు 340తో కాదు, 230తో గుణించండి. అది 12 నెలలు, అదీ ప్రతి ఏడాదీ.

అసలు చిక్కు లాగిన్‌లో ఉంది. ఏ సాధనం తీసుకున్నా ఈమెయిల్ లేని 230 మంది లోపలికి ఎలా వస్తారన్నది మొదట తేలాలి. మూడు దారులున్నాయి.

మొదటిది, టోకెన్ నంబరే యూజర్‌నేమ్, తొలి పాస్‌వర్డ్ కాగితం చీటీ మీద. హెచ్ఆర్ మనిషి గుర్తింపు కార్డు చూసి చేతికిస్తారు, మొదటి లాగిన్‌లోనే మార్చుకోమని అడగాలి. చూడటానికి పాతకాలపు పద్ధతే గానీ ఖర్చు లేదు, పనిచేస్తుంది. పుట్టిన తేదీనో టోకెన్ నంబరునో తొలి పాస్‌వర్డుగా పెట్టకండి. 190 మందిలో ఒకరి ఖాతాలోకి ఇంకొకరు మొదటి వారంలోనే వెళ్తారు.

రెండోది ఎస్ఎంఎస్ ఓటీపీ. మన దేశంలో దీనికి డీఎల్‌టీ (కంపెనీలు పంపే ఎస్ఎంఎస్‌ల నమోదు వ్యవస్థ) రిజిస్ట్రేషన్ కావాలి: సంస్థ, పంపినవారి పేరుగా కనబడే ఆరక్షరాల హెడర్, సందేశం టెంప్లేటు అన్నీ టెలికాం ఆపరేటర్ పోర్టల్‌లో ఆమోదం పొందాలి. ఆమోదించిన టెంప్లేటుకూ పంపే సందేశానికీ ఒక్క చుక్క తేడా వచ్చినా ఎస్ఎంఎస్ దారిలోనే పడిపోతుంది, మీ సర్వర్‌లో మాత్రం 'పంపాం' అని చూపిస్తుంది. తెలుగులో పంపితే ఒక ఎస్ఎంఎస్‌కి 70 అక్షరస్థానాలే. అంతకు మించితే ముక్కకు 67 చొప్పున విడిపోయి రెండింటి ధర పడుతుంది. ఇక్కడ అక్షరస్థానమంటే గుణింతం, పొల్లు కూడా విడిగా లెక్క. 'క్యాంటీన్' అంటే మన కంటికి మూడే గానీ లెక్కలో తొమ్మిది.

మూడోది గేటు దగ్గర, క్యాంటీన్‌లో పెట్టే ఉమ్మడి టాబ్లెట్. చదవడానికి లాగిన్ లేకుండా ప్రకటనల పేజీ ఒక్కటే చూపించాలి. రాయాలంటే లాగిన్, 5 నిమిషాలు కదలిక లేకపోతే దానంతటదే బయటికి. బ్రౌజర్ పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోవడం ఆపేయండి. ఆపకపోతే రెండో మనిషికి మొదటి మనిషి ఖాతా తెరుచుకుంటుంది.

ఈమెయిల్ ఇవ్వనిదే ఖాతా తెరవనివ్వని సాధనమైతే ఉత్తుత్తి చిరునామా పెట్టాల్సి వస్తుంది. అప్పుడు నోటికొచ్చిన డొమైన్ వాడకండి. ఆ డొమైన్ నిజంగా ఎవరిదైనా అయితే పాస్‌వర్డ్ మార్పు లింకులు వాళ్లకు పోతాయి. డాట్ ఇన్వాలిడ్ అనే కొస ఇలాంటి అవసరాల కోసమే ఎవరికీ ఇవ్వకుండా ఉంచారు. టోకెన్ నంబరు, ఆట్ గుర్తు, డాట్ ఇన్వాలిడ్‌తో ముగిసే పేరు. మెయిల్ సర్వర్‌లో ఆ డొమైన్‌కు వెళ్లేవి బయటికి పోకుండా పడేయమని ఒక నియమం రాయండి.

---

సర్వర్_సావిడి

గంట గారు లాగిన్ సంగతి చెప్పేశారు కాబట్టి నేను సర్వర్ వైపు రాస్తాను. హమ్‌హబ్ అనుకుని చెప్తున్నాను. ఓపెన్ సోర్స్, పీహెచ్‌పీ భాషలో రాసింది, డేటాబేస్‌గా మరియాడీబీ లేదా మైఎస్‌క్యూఎల్ కావాలి.

340 మందికి 2 వీసీపీయూ, 4 జీబీ ర్యామ్ చాలు. డిస్కు మాత్రం లెక్క వేయండి. రోజుకు 30 ఫొటోలు, ఒక్కోటి 4 ఎంబీ అంటే రోజుకు 120 ఎంబీ, ఏడాదికి దాదాపు 44 జీబీ. 100 జీబీతో మొదలుపెట్టి, అప్‌లోడ్ల ఫోల్డర్‌ను విడి డిస్కు మీద ఉంచితే తర్వాత పెంచడం సులువు.

ఇన్‌స్టాల్ చేయడం కష్టం కాదు, గంటన్నర పని. చెడిపోయేది ఆ తర్వాత, ఈ నాలుగు చోట్ల.

ఫొటో ఎక్కదు. వెబ్ సర్వర్ ఎన్‌జిన్ఎక్స్‌లో అభ్యర్థన పరిమాణం మామూలుగా 1 ఎంబీ, పీహెచ్‌పీలో ఫైలు పరిమితి 2 ఎంబీ, మొత్తం పోస్టు పరిమితి 8 ఎంబీ. మూడింటినీ పెంచాలి. ఫైలుకు 20 అంటే పోస్టుకు 25, ఎన్‌జిన్ఎక్స్‌కు 25. ఒక్కటి మరిచినా ఆగుతుంది. 413 అని కనబడితే తప్పు ఎన్‌జిన్ఎక్స్‌ది, ఏ నంబరూ లేకుండా ఊరికే ఫైలు మాయమైతే పీహెచ్‌పీది.

షిఫ్టు మారే వేళ సైటు కూలుతుంది. ఉబుంటూ లైనక్స్‌లో పీహెచ్‌పీని నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం మామూలుగా ఒకేసారి 5 ప్రాసెస్‌లనే నడుపుతుంది. పొద్దున 6, మధ్యాహ్నం 2, రాత్రి 10కి యాభై అరవై మంది ఒకేసారి తెరిస్తే 502, 504 ఎర్రర్లు తప్పవు. ప్రాసెస్‌కు 70 ఎంబీ అనుకుంటే 25కి 1750 ఎంబీ. డేటాబేస్‌కు 1 జీబీ వదిలినా 4 జీబీలో ఇముడుతుంది. 25 పెట్టండి.

నోటిఫికేషన్లు రావు. హమ్‌హబ్‌కు క్రాన్‌లో (నిర్ణీత వేళకు ఆజ్ఞలు నడిపే లైనక్స్ ఏర్పాటు) రెండు వరుసలు కావాలి: ఒకటి క్యూ, అంటే చేయాల్సిన పనుల వరుస, నడిపేది, రెండోది రోజువారీ పనులు చూసేది. రెండూ నిమిషానికోసారి నడవాలి, వెబ్ సర్వర్ నడిచే యూజర్ పేరుతోనే నడవాలి. రూట్ యూజర్‌తో నడిపితే క్యాష్ ఫైళ్లు రూట్ సొంతమై, రెండు రోజుల తర్వాత సైటులో అనుమతి ఎర్రర్లు మొదలవుతాయి. కారణం వెతకడానికి సగం రోజు పోతుంది.

ఈమెయిల్ వెళ్లదు. చాలా క్లౌడ్ కంపెనీలు 25వ పోర్టును మూసే ఉంచుతాయి. 587 ద్వారా ఏదో ఒక మెయిల్ సేవకు అప్పగించండి. మీ డొమైన్‌లో ఎస్‌పీఎఫ్, డీకేఐఎమ్ (మెయిల్ నిజంగా మీదేనని చూపే రికార్డులు) రెండూ పెట్టండి, లేకపోతే మీ ఆఫీసు మెయిల్‌లోనే స్పామ్‌లో పడతాయి.

---

మీటనొక్కు

ఫొటోల గురించి ఒక చేర్పు, సావిడి అన్నా. పరిమితి పెంచినా 50 మెగాపిక్సెల్ ఫొటో ఎక్కిస్తే 500 ఎర్రర్ రావచ్చు. ఫైలు 12 ఎంబీయే ఉండవచ్చు, కానీ చిన్న బొమ్మ తయారు చేయడానికి పీహెచ్‌పీ వాడే జీడీ లైబ్రరీ దాన్ని విప్పుతుంది. 8160 ఇంటూ 6120, పిక్సెల్‌కు 4 బైట్లు, అంటే దాదాపు 200 ఎంబీ. పీహెచ్‌పీ మెమరీ హద్దు మామూలుగా 128 ఎంబీ. 512కి పెంచండి. ఐఫోన్ నుంచి వచ్చే హెచ్ఈఐసీ ఫొటోలు క్రోమ్‌లో కనబడవు, వాటిని తీసుకోకుండా ఆపేసి 'జేపీజీగా పెట్టండి' అని చూపించడం మేలు.

---

సర్వర్_సావిడి

అవును, మెమరీ సంగతి వదిలేశాను. అలా 512 చేస్తే నేను చెప్పిన 25 ప్రాసెస్‌ల లెక్క కొంచెం ప్రమాదంలో పడుతుంది. ఒకేసారి నలుగురు పెద్ద ఫొటోలు ఎక్కిస్తే 4 జీబీ నిండుతుంది. 2 జీబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు చోటు) ఇవ్వండి, ప్రాసెస్‌లు 20కి తగ్గించండి.

---

అక్షరాలబడి

తెలుగు తప్పనిసరి అన్నారు కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను. దీన్ని ఎవరూ ముందు చూడరు, ఆర్నెల్ల తర్వాత 'వెతికితే దొరకట్లేదు' అని వదిలేస్తారు.

డేటాబేస్ అక్షర సమితి యూటీఎఫ్8ఎంబీ4 అయి తీరాలి. మైఎస్‌క్యూఎల్ పాత యూటీఎఫ్8 అక్షరానికి 3 బైట్లే ఇస్తుంది. తెలుగు అక్షరాలు సరిగ్గా 3 బైట్లవి కాబట్టి తెలుగు పోస్టులన్నీ చక్కగా సేవ్ అవుతాయి, అంతా బాగుందనుకుంటాం. పండగ రోజు ఎవరో ఒక నవ్వు మొహం పెడతారు. దానికి 4 బైట్లు కావాలి. పోస్టు ఎర్రర్ కొడుతుంది, లేదా ఆ బొమ్మ దగ్గర్నుంచి మిగతా పోస్టు తెగిపోతుంది. ఇన్‌స్టాల్ రోజే తెలుగు మాట పక్కన నవ్వు మొహం పెట్టి సేవ్ చేసి చూడండి.

రెండోది వెతుకులాట. తెలుగులో విభక్తులు మాటకు అతుక్కుంటాయి: సెలవు, సెలవులు, సెలవులకు, సెలవుల్లో. ఇంగ్లీషుకు మల్లే మాట మూలాన్ని విడదీసే ఏర్పాటు మైఎస్‌క్యూఎల్‌లోనూ లేదు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో వచ్చే జాబితాలో తెలుగూ లేదు. 'సెలవు' అని వెతికితే 'సెలవులకు' దొరకాలంటే మాట మొదలు కలిస్తే చాలన్న పద్ధతి, అంటే ముందుభాగం వెతుకులాట, పనిచేయాలి. ఎంచుకునే ముందు ఈ నాలుగు మాటలతో నాలుగు పోస్టులు పెట్టి, 'సెలవు' అని వెతికి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. జూలిప్ తీసుకుంటే పీజీగ్రూంగా అనే చేర్పు వేయండి, అన్ని భాషల్లోనూ వెతకడానికి వాళ్లు సూచించేది అదే.

మూడోది కంటికి కనబడని అక్షరం. 'సాఫ్ట్‌వేర్' అనే మాటలో పొల్లు తర్వాత శూన్య వెడల్పు విడదీత ఒకటి ఉంటుంది. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. వెతికే సూచికలోకి వెళ్లే ముందే, వెతికే పెట్టెలోనూ, ఆ గుర్తును తీసేసే చిన్న నియమం రాయించండి. పది వరుసల కోడ్. చూపించే పోస్టులోంచి మాత్రం తీయకండి, తీస్తే 'సాఫ్ట్వేర్' అని ట వత్తుతో పాటు వ వత్తు కూడా పడుతుంది.

నాలుగోది, ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగు. ప్లాంటులో సగం మంది అలాగే రాస్తారు, ఆపడం కుదరదు, ఆపనూ కూడదు. ఒక్కో మాటకు అయిదారు స్పెల్లింగులుంటాయి కాబట్టి వెతుకులాట మీద ఆశ వదులుకుని ట్యాగులు ముందే ఇవ్వండి: జీతం, సెలవు, పీఎఫ్, ఈఎస్ఐ, షిఫ్టు, భద్రత, క్యాంటీన్, రవాణా. ఎనిమిది చాలు. ట్యాగు ఎంచుకోనిదే పోస్టు పడకూడదు. కొత్త ట్యాగు సృష్టించే హక్కు అందరికీ ఇస్తే నెలలో 'జీతం', 'జీతాలు', 'శాలరీ' మూడూ తయారవుతాయి.

ఇంకో మూడు చిన్నవి. గ్రూపు పేరు తెలుగులో పెట్టినా వెబ్ చిరునామా ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. 'భద్రత' అనే మాట చిరునామాలో అక్షరస్థానానికి 9 గుర్తుల చొప్పున 45 గుర్తులవుతుంది, ఎస్ఎంఎస్‌లో పంపితే విరిగిపోతుంది. ఫైలు పేర్లకు లైనక్స్‌లో హద్దు 255 బైట్లు, అంటే తెలుగులో 85 అక్షరస్థానాలు. పొడుగు పేర్లతో సర్క్యులర్లు ఎక్కిస్తే పేరును ఉన్నదున్నట్టు డిస్కు మీద దాచే సాధనాల్లో అప్‌లోడ్ ఆగుతుంది. వరుసల మధ్య ఎడం 1.6 అయినా ఉండాలి, తక్కువైతే వత్తుల కింది భాగం తెగి కనబడుతుంది.

---

హెచ్ఆర్_బల్ల

సాంకేతికం బాగా వచ్చింది. ఇన్ని చేసినా మూడో నెలలో ఖాళీగా పడి ఉండే ప్రమాదం అలాగే ఉంది. అక్కడికొస్తాను.

జేకబ్ నీల్సన్ 2006లో రాసిన 90-9-1 సూత్రం చాలామందికి తెలిసిందే: ఆన్‌లైన్ సముదాయాల్లో వందకు 90 మంది చదువుతారు, 9 మంది అప్పుడప్పుడు రాస్తారు, ఒక్కరు ఎక్కువగా రాస్తారు. 340 మందిలో మూడు నలుగురే గట్టిగా రాసేవాళ్లన్నమాట. కంపెనీ లోపల అంతకంటే మెరుగ్గానే ఉండొచ్చు, కానీ 'అందరూ రాస్తారు' అని ప్రణాళిక వేయకండి. చదవడానికి రావలసిన కారణం ఇవ్వండి. వారం షిఫ్టు జాబితా, ఓవర్‌టైమ్ లెక్క, క్యాంటీన్ మెనూ, బస్సు వేళల మార్పు: వీటిలో కనీసం రెండు ఇక్కడ మాత్రమే దొరకాలి. వాట్సాప్‌లోనూ అదే పెడితే ఎవరూ రారు. సౌకర్యం కోసం రెండు చోట్లా పెడతామంటారు చూడండి, కొత్త సాధనం చచ్చిపోయేది దానివల్లే.

గ్రూపులు 14 కాదు, 6తో మొదలుపెట్టండి. ప్రకటనలు (రాసే హక్కు అయిదుగురికే), హెచ్ఆర్ ప్రశ్నలు, భద్రత, ప్లాంటు, డిపో, శుభాకాంక్షలు. ఆఖరిది చిన్న విషయంలా కనబడుతుంది, కాదు. ఉగాది పొద్దున రెండు వందల శుభాకాంక్షల కింద బాయిలర్ షట్‌డౌన్ నోటీసు కనబడకుండా పోతుంది. పండగ పలకరింపులు వద్దనకూడదు, మనుషులు కలిసేది అక్కడే. వాటికి ఒక ఇల్లు ఇవ్వండి, మెయిన్ ఫీడ్‌లోకి రాకుండా చూడండి.

తెరిచే రోజుకు లోపల 25 నుంచి 30 పోస్టులు ముందే ఉండాలి. హెచ్ఆర్‌ను నిజంగా తరచూ అడిగే ప్రశ్నలనే తీసుకుని, జవాబుతో సహా పెట్టండి: యూఏఎన్ యాక్టివేట్ చేయడం, పీఎఫ్ నామినీ మార్చడం, ఈఎస్ఐ కార్డు పోతే ఏం చేయాలి. ఖాళీ ఇంట్లోకి ఎవరూ మొదట అడుగుపెట్టరు.

జవాబు చెప్పే మనిషి పేరు, గడువు ముందే రాసుకోండి. హెచ్ఆర్ ప్రశ్నకు ఒక పనిదినం, భద్రతా ఫిర్యాదుకు అదే షిఫ్టు. జవాబు తెలియకపోతే 'కనుక్కుని గురువారం చెప్తాను' అన్నా చాలు. మొదటి నెలలో ఒక్క ప్రశ్న నాలుగు రోజులు జవాబు లేకుండా పడి ఉంటే దాన్ని చూసిన వంద మంది ఇక అడగరు.

వాట్సాప్ గ్రూపులను ఒక్కరోజులో మూయకండి. ముందు 'అడ్మిన్లు మాత్రమే పంపగలరు' అని మార్చి రెండు వారాలు ఉంచండి, అక్కడ కొత్తచోటి లింకు మాత్రమే పెట్టండి. తర్వాత మూసేయండి. అత్యవసరానికి, అంటే అగ్నిప్రమాదం, గ్యాస్ లీకు లాంటివాటికి, సైరనూ ఫోనూ తప్ప ఏ సోషల్ నెట్‌వర్కూ పనికిరాదు. ఆ మాట నియమావళిలో రాసిపెట్టండి.

---

వేపచెట్టు

పేరు చెప్పకుండా రాసే గ్రూపు పెడితే ఫిర్యాదులు ధైర్యంగా రాస్తారు కదా, బల్ల గారూ?

---

మీటనొక్కు

నేను ఒప్పుకోను. డిపోలో 65 మంది, అందులో రాత్రి షిఫ్టులో 12 మంది. 'రాత్రి లోడింగ్ దగ్గర లైటు లేదు' అని పేరు లేకుండా రాసినా ఎవరో అందరికీ తెలిసిపోతుంది. సర్వర్ లాగ్‌లో ఐపీ చిరునామా, సమయం ఉంటాయి. అడ్మిన్ తలుచుకుంటే పట్టుకోగలరు. 'పేరు బయటపడదు' అని మాటిచ్చి నిలబెట్టుకోలేకపోతే మొత్తం వ్యవస్థ మీదే నమ్మకం పోతుంది. పేరు లేని సూచనలు కావాలంటే క్యాంటీన్ దగ్గర తాళం వేసిన పెట్టె పెట్టండి, వచ్చినవాటిని జవాబుతో పాటు ఫీడ్‌లో వేయండి.

లైంగిక వేధింపుల ఫిర్యాదు మాత్రం ఫీడ్‌లోకి ఏ రూపంలోనూ రాకూడదు. 2013 చట్టం ప్రకారం 10 మంది, అంతకు మించి ఉన్న చోట అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదు వివరాలనూ సంబంధించినవాళ్ల పేర్లనూ బయటపెట్టడాన్ని అదే చట్టం 16వ సెక్షన్ నిషేధించింది. కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్లు పైన పిన్ చేసి ఉంచండి. ఎవరైనా తెలియక పోస్టుగా రాస్తే వెంటనే దాచి, రాసినవాళ్లతో నేరుగా మాట్లాడే మనిషి ఎవరో ముందే నిర్ణయించండి. దాచాలి, చెరపకూడదు. అది సాక్ష్యం.

సొంత సర్వర్ పెడుతున్నారు కాబట్టి ఇంకో నియమం. సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, భద్రతా ఘటన తెలిసిన 6 గంటల్లో వాళ్లకు చెప్పాలి. ఉబుంటూలో ఎన్‌జిన్ఎక్స్ లాగ్ మామూలుగా 14 రోజులకే చెరిగిపోతుంది. లాగ్‌రొటేట్ ఫైలులో 14ను 180 చేయండి, డిస్కు లెక్కలో అదీ కలపండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఉద్యోగ అవసరాలకు డేటా వాడటాన్ని 7వ సెక్షన్‌లో అనుమతించింది. పుట్టినరోజు, ఇంటి ఫొటో, సొంత ఫోన్ నంబరు ప్రొఫైల్‌లో చూపించడం ఉద్యోగ అవసరం అనిపించుకోదు. వాటిని ఖాళీగా వదిలి, ఇష్టమైనవాళ్లనే నింపుకోనివ్వండి.

---

పొద్దుతిరుగుడు

చాలా స్పష్టత వచ్చింది, అందరికీ కృతజ్ఞతలు. హమ్‌హబ్‌తో డిపోలో 65 మందితో మొదలుపెట్టాలనుకుంటున్నాం. ఇంకా రెండు సందేహాలు. ఫోన్‌లో నోటిఫికేషన్ ఖాయంగా మోగాలంటే? మనిషి ఉద్యోగం మానేసినప్పుడు ఏ వరుసలో ఏం చేయాలి?

---

షిఫ్టుగంట

నోటిఫికేషన్: షామీ, రియల్‌మీ, వివో లాంటి ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం వెనకాల నడిచే యాప్‌లను చంపేస్తాయి. లాగిన్ చీటీ ఇచ్చే రోజే సూపర్‌వైజర్ చేత ప్రతి ఫోన్‌లో రెండు మార్పులు చేయించండి: యాప్ బ్యాటరీ సెట్టింగ్‌లో 'నియంత్రణ లేదు', ఆటోస్టార్ట్ ఆన్. మనిషికి రెండు నిమిషాలు. తర్వాత చేద్దామంటే ఎప్పటికీ జరగదు. బ్రౌజర్ ద్వారా వాడే ఐఫోన్లయితే ఐఓఎస్ 16.4 ఉండాలి, సైటును హోమ్ స్క్రీన్‌కు చేర్చుకున్నాకే వెబ్ నోటిఫికేషన్ అనుమతి అడుగుతుంది.

ఒకవేళ జూలిప్‌కు మారితే గుర్తుంచుకోండి: సొంత సర్వర్ అయినా ఫోన్ నోటిఫికేషన్ జూలిప్ వాళ్ల సేవ మీదుగానే పోవాలి, ఎందుకంటే యాపిల్, గూగుల్ తాళంచెవులు యాప్ ప్రచురించినవాళ్ల దగ్గరే ఉంటాయి. మీ అంత పెద్ద కంపెనీకి దానికి రుసుము ఉంటుంది, ముందే కనుక్కోండి.

మానేసినవాళ్ల వరుస ఇదీ. ఖాతాను నిలిపేయండి, తొలగించకండి. తొలగిస్తే వాళ్ల పోస్టులూ పోయే ప్రమాదం ఉంది, కింద ఇతరులు రాసిన జవాబులు తలలేని మొండేలవుతాయి. తర్వాత తెరిచి ఉన్న సెషన్లన్నీ రద్దు చేయండి. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఫోన్‌లో ఇప్పటికే లాగిన్ అయి ఉన్నది ఆగుతుందన్న గ్యారంటీ లేదు, మీ వెర్షన్‌లో పరీక్షించి చూడండి. వాళ్లు యజమానిగా ఉన్న గ్రూపులు ఇంకొకరికి మార్చండి, లేకపోతే కొత్త సభ్యులను ఆమోదించేవాళ్లు ఉండరు. ఆఖరున వాళ్ల పేరుతో తీసిన ఏపీఐ టోకెన్లు (స్క్రిప్టులు లోపలికి రావడానికి వాడే తాళంచెవులు) చూడండి. షిఫ్టు జాబితాను దానంతటదే పోస్టు చేసే స్క్రిప్టు వాళ్ల టోకెన్‌తో నడుస్తుంటే మర్నాడు జాబితా రాదు. స్క్రిప్టులకు మొదటినుంచే విడి ఖాతా పెట్టండి.

హెచ్ఆర్ పట్టికతో రాత్రికోసారి సరిచూసే ఏర్పాటు ఉంటే అది చాలనుకోవద్దు. పొద్దున తీసేసిన మనిషి రాత్రిదాకా లోపలే ఉంటారు. గేటు పాస్ వెనక్కి తీసుకునే కాగితంలోనే 'ఖాతా నిలిపాం, సమయం' అని ఒక గడి చేర్చండి.

---

హెచ్ఆర్_బల్ల

డిపో ప్రయోగం 6 వారాలు పెట్టుకోండి. లైకులు లెక్కించకండి. ఎండీ పోస్టుకు అందరూ లైకు కొడతారు, అందులో తెలిసేదేమీ లేదు. వారానికోసారి మూడే చూడండి: 48 గంటలు దాటినా జవాబు లేని ప్రశ్నలు ఎన్ని, 65 మందిలో ఆ వారం ఒక్కసారైనా తెరిచినవాళ్లు ఎంతమంది, ఏమీ దొరకని వెతుకులాటలు ఏవి. మూడోది బంగారం. జనానికి ఏం కావాలో, మీరు ఏం రాయలేదో అదే చెప్తుంది. వెతికిన మాటలు మాత్రమే తీయండి, వెతికినవాళ్ల పేర్లు వద్దు.

---

బల్లకట్టు

లైనక్స్ మనిషి ఒక్కరే అన్నారు కాబట్టి ప్రయోగం మొదలవక ముందే బ్యాకప్ తిరిగి ఎక్కించడం ఆ మనిషి కాకుండా ఇంకొకరు, కాగితం చూసి, చేయగలగాలి. కాపీ తీయాల్సినవి: డేటాబేస్, అప్‌లోడ్ల ఫోల్డర్, కాన్ఫిగ్ ఫోల్డర్, మీరు వేసిన మాడ్యూళ్లు. డేటాబేస్ డంప్ ఒకే ట్రాన్సాక్షన్‌లో తీయమని చెప్పండి, యూటీఎఫ్8ఎంబీ4 అని ఆజ్ఞలోనే రాయండి. పాత క్లయింట్లతో రాయకపోతే నవ్వు మొహాలన్నీ ప్రశ్నార్థకాలై తిరిగొస్తాయి. ఒక కాపీ వేరే ఊళ్లోనో వేరే క్లౌడ్‌లోనో ఉండాలి.

---

పొద్దుతిరుగుడు

తిరిగి ఎక్కించడానికి అదే సర్వర్ వాడొచ్చా, కొత్తది కావాలా?

---

సర్వర్_సావిడి

కొత్తది తీసుకోండి, రెండు గంటలకు అద్దెకు దొరుకుతుంది. ఎక్కించాక ఒక తెలుగు పోస్టు, ఒక నవ్వు మొహం, ఒక ఫొటో, ఒక పీడీఎఫ్, ఒక వెతుకులాట చూడండి.

ఒక్కటి మాత్రం మరవకండి. ఆ పరీక్ష సర్వర్‌లో క్రాన్ వరుసలు వేసే ముందే మెయిల్ సెట్టింగులు తీసేయండి, 587 పోర్టు బయటికి పోకుండా ఫైర్‌వాల్‌లో మూయండి. బ్యాకప్‌తో పాటు క్యూ కూడా తిరిగొస్తుంది. క్రాన్ నడిచిన మొదటి నిమిషంలోనే పాత నోటిఫికేషన్లు అసలు మనుషులకు వెళ్లిపోతాయి, అందులో వారం కిందట రద్దయిన షిఫ్టు ప్రకటన కూడా ఉండవచ్చు.